చుక్కకు మంచం: గుంటూరు ఎండలో ఒక పని డైరీ

చుక్క మా ఇంటి నాటుకుక్క. ఎనిమిదేళ్ళది. పెరట్లో గచ్చు మీదే పడుకుంటుంది. సంక్రాంతి తర్వాత దాని ఎడమ మోచేతి మీద వెంట్రుకలు ఊడి కాయకట్టింది. ఫిబ్రవరి చివరికి ఆ కాయ కింద నీరు చేరి నిమ్మకాయంత బుడిపె లేచింది. పశువుల డాక్టరుగారు నొక్కి చూసి, "గుచ్చి నీరు తీయించొద్దు, చీము పడుతుంది. ముందు గట్టినేల మీద పడుకోవడం మాన్పించండి" అన్నారు.

బొంత వేసి చూశాం. చలికాలం వరకు సరే. ఎండ ముదిరితే దాన్ని నోటితో పక్కకు లాగేసి మళ్ళీ గచ్చు మీదే పడుకుంటుంది. అందుకే కింద గాలి ఆడే మంచం చేయాలనుకున్నాను. ఒకటి పాడుచేసి రెండోది నిలబెట్టాను. ఎవరైనా ఇలాంటిదే చేసుకోవాలనుకుంటే మొదటి మంచం దగ్గర జరిగిన తప్పులు తప్పకుండా చదవండి. డబ్బు అక్కడే పోయింది.

దశ 1: కొలతలు (మార్చి 9)

నిలబడి ఉన్న కుక్కను కొలిచాను. ఛాతీ నుంచి తోక మొదలు దాకా 64 సెం.మీ. దానికి పదకొండు కలిపి పొడవు 75, వెడల్పు 55 అనుకున్నాను. ఇది తప్పు. కుక్క నిలబడినప్పటి కొలత మంచానికి పనికిరాదు. రెండు వారాల తర్వాత, మధ్యాహ్నం అది కాళ్ళు చాపుకుని పక్కకు తిరిగి పడుకున్నప్పుడు టేపు పెట్టి చూస్తే ఇలా వచ్చింది:

- ముక్కు నుంచి తోక మొదలు దాకా: 88 సెం.మీ.
- వీపు నుంచి చాచిన పాదాల దాకా: 62 సెం.మీ.
- ముడుచుకుని పడుకుంటే: సుమారు 55 సెం.మీ. వెడల్పు

ముడుచుకున్న కొలత చూసి చిన్న మంచం చాలుతుందని అనిపిస్తుంది. కానీ కుక్క ముడుచుకునేది చలికి. ఎండాకాలంలో ఒళ్ళంతా పరుస్తుంది.

బరువు తూచడం తేలిక. దాన్ని ఎత్తుకుని మిషను మీద నిలబడితే 87.2 కిలోలు, నేనొక్కదాన్నే నిలబడితే 67.6. అంటే చుక్క 19.6 కిలోలు.

దశ 2: పీవీసీ మంచం (మార్చి 12 నుంచి 24)

1 అంగుళం పైపు తీసుకున్నాను. మూలల్లో మూడు వైపులా పైపు దిగే ఎల్బో ఒకటి ఉంటుంది, దానితో పని సులువు. మా దగ్గర ప్లంబింగ్ షాపుల్లో అడిగితే అలాంటిది తెప్పించాలన్నారు. ఆగలేక మూలకు మామూలు ఎల్బో, దాని పక్కనే కోడు కోసం ఒక టీ (మూడు దారుల జాయింటు) పెట్టాను.

1. పొడుగు పట్టెలు రెండు, అడ్డపట్టెలు రెండు, 20 సెం.మీ. కోళ్ళు నాలుగు కోశాను.
2. అన్నీ సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) లేకుండా ఒకసారి కలిపి చూసి, తర్వాత అతికించాను.
3. ఆకుపచ్చ షేడ్ నెట్‌ను రెండు మడతలు వేసి, వాషర్లు పెట్టి స్క్రూలతో బిగించాను.

ఖర్చు: పైపులు రెండు ₹480, ఎల్బోలు, టీలు ₹220, కోళ్ళకు మూతలు ₹60, సొల్యూషన్ ₹90, షేడ్ నెట్ ₹150, స్క్రూలు ₹60.
ఇప్పటికి మొత్తం: ₹1,060

నెట్ మధ్యలో ఎంత కుంగిందో రోజూ కొలిచాను. పట్టెల మీద అడ్డంగా ఒక స్కేలు పెట్టి, దాని అడుగు నుంచి నెట్ దాకా ఇంకో స్కేలుతో చూడడమే.

- మొదటిరోజు, ఖాళీగా: 1 సెం.మీ.
- మొదటిరోజు, చుక్క పడుకుంటే: 6 సెం.మీ.
- నాలుగోరోజు: 9 సెం.మీ.
- ఎనిమిదోరోజు: 13 సెం.మీ.

నేలకు తగలలేదు కదా, ఇంకా 8 సెం.మీ. ఉంది కదా అనుకున్నాను. కానీ కష్టం నేలతో కాదు. మధ్యలో గుంట పడితే కుక్క ఆ గుంటలోకి జారిపోతుంది. చాపుకోలేదు. లేవాలంటే మోచెయ్యి పట్టె మీద ఆనించి లేవాలి. ఏ మోచేతి కోసం ఈ పనంతా మొదలుపెట్టానో, ఆ మోచెయ్యే గట్టి పైపుకు ఒరుసుకుంటోంది.

పైపులు కూడా లోపలికి వంగాయి. పొడుగు పట్టెల మధ్య దూరం మధ్యాహ్నం రెండింటికి కొలిస్తే మూలల్లో కంటే మధ్యలో 7 సెం.మీ. తక్కువ. అంటే ఒక్కో పైపు 3.5 సెం.మీ. వంగింది. పొద్దున కొలిస్తే కొంచెం తగ్గింది, మళ్ళీ ఎండెక్కితే అంతే.

మా నాన్న వచ్చి చూసి, "కుక్కి మంచం అంటే ఇదేనమ్మా. పట్టె వంగిందంటే నువ్వు పైన ఏం పరిచినా, ఎంత లాగి కట్టినా ఇంతే" అన్నారు.

ఆయన అన్నది లెక్క వేసి చూశాను. దండెం గుర్తు తెచ్చుకోండి. తీగను ఎంత బిగువుగా కడితే, తడి దుప్పటి వేసినప్పుడు గోడ మేకు అంత తొందరగా ఊడొస్తుంది. మంచం గుడ్డ కూడా అంతే. బరువు మధ్యలో ఉందనుకుంటే, పట్టెను లోపలికి లాగే బలం సుమారుగా బరువును వెడల్పుతో గుణించి, కుంగుకు నాలుగు రెట్లతో భాగిస్తే వస్తుంది. 20 కిలోల కుక్క, 55 సెం.మీ. వెడల్పు. కుంగు 10 సెం.మీ. అయితే లాగుడు 27 కిలోలు దాటుతుంది. కుంగు 3 సెం.మీ.కి తగ్గించాలంటే 90 కిలోలు దాటుతుంది. గుడ్డ ఎంత బాగా బిగిస్తే చట్రానికి అంత కష్టం. పైగా పీవీసీ వేడికి మెత్తబడుతుంది. షేడ్ నెట్ అల్లిక బట్ట, దాని గుణమే సాగడం. రెండూ కలిసి ఆ మంచాన్ని కూల్చాయి.

ఇంకో నష్టం కూడా జరిగింది. 24వ తారీఖున చుక్క ఎగిరి ఎక్కగానే మంచం గచ్చు మీద అరడుగు జారింది. అది బెదిరి దూకేసింది. ఆ తర్వాత దాని దగ్గరికి కూడా వెళ్ళలేదు.

దశ 3: ఇనుప చట్రం (ఏప్రిల్ 2 నుంచి 13)

ఈసారి 1 అంగుళం జీఐ (జింకు పూత వేసిన ఇనుప) స్క్వేర్ ట్యూబు, గోడ మందం 16 గేజి. 6 మీటర్ల పొడుగు ఒకటి, తూకం 7 కిలోలు. ఇంచుమించు అదే సైజు పీవీసీ పైపుతో పోలిస్తే ఇది పక్కలాగుడును పాతిక రెట్లు తట్టుకుంటుంది. లెక్క ప్రకారం 90 కిలోల లాగుడుకు 1 మీటరు పట్టె మధ్యలో 4 మి.మీ. కంటే ఎక్కువ వంగకూడదు.

కోతలు:
1. పొడుగు పట్టెలు: 100 సెం.మీ. × 2
2. అడ్డపట్టెలు: 65 సెం.మీ. × 2 (పొడుగు పట్టెల మధ్యలో ఇముడుతాయి, బయటి వెడల్పు 70)
3. కోళ్ళు: 18 సెం.మీ. × 4

వాడింది 402 సెం.మీ. మిగిలింది 198. ఆ ముక్క పారేయకండి, దశ 6లో పనికొచ్చింది.

వెల్డింగ్ షాపులో రెండు విషయాలు పట్టుబట్టి చేయించుకోవాలి.

ఒకటి: నాలుగు మూలలకూ ముందు ట్యాక్ (చుక్కంత అతుకు) మాత్రమే వేయించి, కర్ణాలు రెండూ (ఎదురు మూలల మధ్య దూరాలు) కొలవాలి. 100, 70 చట్రానికి రెండూ 122 రావాలి. నాకు ఒకటి 122, రెండోది 122.9 వచ్చింది. "ఏం కాదమ్మా, కనపడదు" అన్నాడతను. కనపడదు నిజమే, కానీ వంకర చట్రానికి లాగి కట్టిన నవారు ఒక పక్క బిగుసుకుని ఇంకో పక్క వదులవుతుంది. సుత్తితో రెండు దెబ్బలు వేస్తే సరిపోయింది. పూర్తి వెల్డింగ్ అయ్యాక అయితే కోసి మళ్ళీ అతికించాలి.

రెండు: అతుకు పెట్టేచోట పైనున్న జింకు పూతను గ్రైండరుతో గీకేయించాలి. లేకపోతే తెల్లటి పొగ వస్తుంది, అది పీల్చడం మంచిది కాదు. ఆరుబయట చేయించండి, మీరు దూరంగా నిలబడండి. పూత పోయిన అతుకుల దగ్గరే తుప్పు మొదలవుతుంది కాబట్టి ఆ రోజే ప్రైమర్ వేయాలి.

ప్రైమర్ ఒక పూత, ఎనామిల్ రెండు పూతలు వేశాను. ఎండలో ఒక్కరోజులో ఆరినట్టే ఉంటుంది, కానీ వాసన పోవడానికి వారం పట్టింది. కుక్క నాకుతుంది కాబట్టి ఆ వారం చట్రాన్ని మేడ మీదే ఉంచాను.

కిందికి దించి గచ్చు మీద పెడితే టక్కుటక్కుమని ఊగింది. వెల్డింగ్ వేడికి ఒక కోడు మెలి తిరిగి 4 మి.మీ. పైకి లేచింది. మనకు 4 మి.మీ. లెక్కలోది కాదు. ఒకసారి బెదిరిన కుక్కకు మాత్రం ఆ చప్పుడే చాలు, ఇక ఎక్కదు. కోళ్ళకు రబ్బరు బుష్‌లు వేసి, ఆ ఒక్క కోడు బుష్‌లో పాత సైకిల్ ట్యూబు ముక్కలు రెండు కోసి అడుగున పెట్టాను. పట్టె మీద గ్లాసు నిండా నీళ్ళు పెట్టి ఎదుటి మూల నొక్కి చూశాను. నీళ్ళు కదలనంత వరకు ముక్కలు మారుస్తూనే ఉన్నాను. రబ్బరు వల్ల జారడం కూడా ఆగింది. బుష్‌లతో కలిపి పట్టె పైభాగం నేల నుంచి 21 సెం.మీ. ఎత్తు.

ఖర్చు: ట్యూబు ₹600, వెల్డింగ్ ₹500, బుష్‌లు ₹40, ప్రైమర్, పెయింటు, బ్రష్షు ₹320.
ఇప్పటికి మొత్తం: ₹2,520

దశ 4: పైన ఏం వేయాలి (ఏప్రిల్ 14 నుంచి 30)

పాత ఫ్లెక్సు: ఊరికే దొరికింది, ఒక్క మధ్యాహ్నం ఉంచాను. గాలి ఆడదు, గోళ్ళు జారుతున్నాయి, నీళ్ళు చల్లితే మధ్యలో మడుగు కట్టింది. తీసేశాను.

నూలు నవారు: 25 మీటర్లు ₹400. మెత్తగా, చల్లగా ఉంది. మనుషులకైతే ఇంతకంటే మంచిది లేదు. కానీ బకెట్టు నీళ్ళు పోసి చూస్తే మర్నాడు సాయంత్రానికి కూడా మడతల్లో తడి పోలేదు. వానాకాలంలో బూజు పడుతుంది. విప్పేసి నాన్నకిచ్చాను, ఆయన మంచానికి వేసుకున్నారు.

ప్లాస్టిక్ నవారు: 2 అంగుళాల వెడల్పు, 25 మీటర్లు ₹350. నీళ్ళు పోస్తే ఎండలో 40 నిమిషాల్లో పొడిగా అయింది. దీనికే ఖాయమయ్యాను.

అయితే ప్లాస్టిక్ నవారు కూడా మొదటి రెండు మూడు వారాలు సాగుతుంది. నాలుగు వైపులా స్క్రూలు కొట్టేస్తే మళ్ళీ బిగించే దారి లేదు. మన నులక మంచానికి కాళ్ళవైపు తాడు ఎందుకుంటుందో అప్పుడు నాకు బాగా అర్థమైంది. వదులైనప్పుడల్లా ఆ ఒక్క తాడు లాగితే మంచమంతా బిగుసుకుంటుంది. అదే పద్ధతి ఇక్కడా పెట్టాను.

1. పొడుగు పట్టీలు 10, ఒక్కోటి 112 సెం.మీ. ఒక చివర తలవైపు పట్టె కింద స్క్రూ. రెండో చివర 12 మి.మీ. ఇనుపకడ్డీ చుట్టూ మడిచి దబ్బనంతో కుట్టాను.
2. ఆ కడ్డీ కాళ్ళవైపు పట్టెకు 8 సెం.మీ. లోపలగా ఉంటుంది. కడ్డీకీ పట్టెకూ మధ్య 5 మి.మీ. నైలాన్ తాడు జిగ్‌జాగ్‌గా అల్లాను.
3. అడ్డం పట్టీలు 14, ఒక్కోటి 90 సెం.మీ. ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి నేస్తూ రెండు పక్కలా పట్టె కింద స్క్రూ.
4. చివరగా తాడు లాగి బిగించాను.

మొత్తం వాడింది 23.8 మీటర్లు. మిగిలింది 1.2.

ఇక్కడ చేసిన తప్పులు:

నవారుకు డ్రిల్లుతో బెజ్జం పెట్టబోయాను. బిట్టు దారాలను పట్టుకుని పట్టీ మొత్తాన్ని తన చుట్టూ చుట్టేసుకుంది, వేలు తప్పించుకోవడం అదృష్టం. తర్వాత కొవ్వొత్తి మీద మేకు కాల్చి, చివరను రెండు మడతలు వేసి గుచ్చాను. సన్నటి చప్పుడుతో దిగింది. బెజ్జం అంచు కరిగి గట్టిపడింది కాబట్టి దారాలు ఊడవు. కోసిన చివర్లన్నీ కూడా అదే మంట మీద కాల్చాలి, లేకపోతే కుక్క ఒక దారం పట్టుకుని మొత్తం పీకేస్తుంది.

స్క్రూలు ముందు 32 మి.మీ.వి కొన్నాను. రెండు బిగించాక పట్టె పైన చెయ్యి ఆనిస్తే సూది మొనలా తగిలింది. స్క్రూ ట్యూబు రెండు గోడలూ దాటి పైకి పొడుచుకొచ్చింది. 25 మి.మీ. ట్యూబుకు 19 మి.మీ. స్క్రూ చాలు. బెజ్జం పడినచోట పెయింటు చుక్క వేయండి.

తాడు అల్లిన 8 సెం.మీ. సందు ప్రమాదకరం. 28వ తారీఖు రాత్రి అరుపు వినపడి బయటికి పరుగెత్తాను. చుక్క వెనక కాలు తాళ్ళ మధ్యలోంచి కిందికి దిగిపోయి, బయటికి లాక్కోలేక మంచాన్ని ఈడుస్తోంది. తాడు కోసేసి కాలు విడిపించాను. దెబ్బ తగల్లేదు గానీ నాకు ఆ రాత్రి నిద్ర లేదు. మర్నాడు మిగిలిన 1.2 మీటర్ల నవారును రెండు ముక్కలు చేసి పక్కపక్కన పెట్టి కుట్టాను. 60 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు మూత వచ్చింది. దాన్ని సందు మీద వేసి ఒక అంచును కాళ్ళవైపు పట్టెకు స్క్రూలతో, ఇంకో అంచును పట్టీలకు కుట్టుతో బిగించాను. కింద తాడు బిగించుకోవడానికి అడ్డం కాదు. ఈ మూత లేకుండా కుక్కను మంచం ఎక్కించకండి.

ఖర్చు: రెండు రకాల నవారు ₹750, పనికిరాని స్క్రూలు ₹80, సరైనవి ₹90, వాషర్లు ₹40, కడ్డీ ₹60, తాడు ₹30.
ఇప్పటికి మొత్తం: ₹3,570

దశ 5: చుక్కను ఎక్కించడం (మే 1 నుంచి 9)

పాత మంచం మీద భయం, తాడులో ఇరుక్కున్న భయం, రెండూ కలిశాయి. బలవంతంగా ఎత్తి పడుకోబెట్టాను, వెంటనే దిగిపోయింది. ఇది రెండుసార్లు చేశాను, చేయకుండా ఉండాల్సింది.

తర్వాత మంచాన్ని అది రోజూ పడుకునే చోటే, గోడవారగా పెట్టాను. నా పాత నూలుచీర మడత పెట్టి పరిచి, కోడిమాంసం ముక్కలు పట్టె అంచున పెట్టాను. మూడురోజులు ముందుకాళ్ళు మాత్రమే పైన పెట్టి తిని వెళ్ళిపోయేది. నాలుగోరోజు నాలుగు కాళ్ళూ పెట్టి, నిలబడి, నా వైపు చూసింది. నేను కదలకుండా నేల మీదే కూర్చున్నాను. ఎనిమిదోరోజు తెల్లవారుజామున తలుపు తీసేసరికి చీర మీద పక్కకు తిరిగి, నాలుగు కాళ్ళూ చాపి పడుకుని ఉంది. ముక్కు తలవైపు పట్టెకు నాలుగు వేళ్ళ దూరంలో ఆగింది. ఎడమ మోచెయ్యి పట్టీల మధ్యలో మెత్తగా దిగి ఉంది.

కుంగు కొలతలు ఇవి, అన్నీ చుక్క పైన ఉన్నప్పుడు:

- మే 9: 4 సెం.మీ.
- మే 19: 6 సెం.మీ. (తాడు బిగించాక 4)
- మే 30: 5 సెం.మీ. (బిగించాక 4)
- జూన్ 14: 4.5 సెం.మీ. బిగించలేదు

పట్టెల వంపు ఎప్పుడు కొలిచినా 2 మి.మీ. దాటలేదు.

దశ 6: నీడ (మే 16 నుంచి 20)

మంచం ఎత్తుగా ఉంటే చాలు, చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు. గురిపెట్టి కొలిచే థర్మామీటరుతో మధ్యాహ్నం రెండున్నరకు చూశాను:

- ఎండలో గచ్చు: 57 డిగ్రీలు
- ఎండలో నవారు: 54
- గోడనీడలో గచ్చు: 43
- గోడనీడలో నవారు: 40

ఎండలో మంచానికీ గచ్చుకూ పెద్ద తేడా లేదు. నీడ లేని మంచం ఎండాకాలంలో కుక్కకు పెనమే. మా గోడనీడ మూడింటికల్లా తప్పుకుంటుంది.

మిగిలిన ట్యూబులోంచి 90 సెం.మీ. కర్రలు రెండు కోసి, పొడుగు పట్టె రెండు చివర్లా నిలబెట్టేలా సాకెట్లు వెల్డింగ్ చేయించాను. పాడైన పీవీసీ మంచం పైపులను వాటి మధ్య దూలంగా కట్టి, పాత షేడ్ నెట్‌ను దాని మీదుగా కాంపౌండు గోడకు కొట్టిన కొక్కేలకు లాగి కట్టాను. నెట్ సాగినా పైకప్పుగా నష్టం లేదు. గాలిదుమారం వచ్చినప్పుడు బెజ్జాల్లోంచి గాలి పోతుంది కాబట్టి మంచాన్ని లేపలేదు. టార్పాలిన్ వేస్తే లేపేది.

కొత్త నీడ కింద మధ్యాహ్నం మూడున్నరకు నవారు 41 డిగ్రీలు. పక్కన నీళ్ళతొట్టి పెట్టాను.

ఖర్చు: సాకెట్ల వెల్డింగ్ ₹150, కొక్కేలు ₹40.
మొత్తం: ₹3,760

ఇందులో పీవీసీ మంచం ₹1,060, నూలు నవారు ₹400, పొడుగు స్క్రూలు ₹80 నా తప్పుల ఖర్చు. అవి తీసేసి, పైకప్పు నెట్ ₹150 కలుపుకుంటే నేరుగా చేసుకునేవాళ్ళకు ₹2,370. దూలానికి వెదురుకర్ర చాలు.

దశ 7: వాడాక (జూన్)

పిడుదులు. దీని గురించి ముందే ఆలోచించలేదు. జూన్ 8న పట్టె కింద నవారు మడతలు విప్పి చూస్తే రెండు మూలల్లో గుంపులుగా ఉన్నాయి. కుక్క ఒంటి మీద మందు వేయించినా మంచంలో వదిలేస్తే మళ్ళీ ఎక్కుతాయి. వారానికొకసారి మంచం బోర్లించి, మడతల మీద మరిగే నీళ్ళు నెమ్మదిగా పోస్తున్నాను. చుక్కను ఆ సమయంలో లోపల కట్టేస్తాను. ప్లాస్టిక్ నవారుకు ఏమీ కాలేదు. ఇంకోసారి చేస్తే మడత కాకుండా ఒకే పొర పెట్టి వెడల్పాటి వాషరుతో బిగిస్తాను, దాక్కునే సందు తగ్గుతుంది.

తొలకరి వానకు పట్టీలు గంటలో ఆరాయి, చీర మాత్రం మార్చాల్సి వచ్చింది.

కాళ్ళవైపు ఎడమ అతుకు దగ్గర పెసరగింజంత తుప్పు మచ్చ కనపడింది. అక్కడ ప్రైమర్ సరిగ్గా పడలేదు. గీకి మళ్ళీ వేయాలి, రెండురోజులు ఎండ కాస్తే ఆ పని చేస్తాను.

మోచేతి బుడిపె వెడల్పు మార్చిలో 3.5 సెం.మీ. ఉండేది, జూన్ 21న 2 సెం.మీ. ఉంది. డాక్టరుగారు చూసి ఇంకా ఏమీ చేయక్కర్లేదన్నారు. కాయ చుట్టూ సన్నటి వెంట్రుకలు మొలుస్తున్నాయి.